ఆపమన్నవీ, వద్దన్నవీ ఆపిన ప్లగిన్: మూడేళ్లు వాడాక

పొగాకు రైతులకూ చిన్న వ్యాపారులకూ ఇంటి దగ్గరే లెక్కలు రాసిపెట్టడం నా పని. కందుకూరులో వేలం జరిగే రోజుల్లో తెల్లవారుజామున అయిదింటికే కంప్యూటర్ తెరిచి ముందురోజు ధరలు చూసుకుంటాను. వార్తల పేజీ తెరవగానే ఒక మూలన చిన్న వీడియో పుట్టి, ఎవరూ అడగకుండానే గొంతు చించుకునేది. పక్క గదిలో మామగారు ఉలిక్కిపడి లేచేవారు. అది ఎక్కడ ఉందో వెతికి నొక్కేలోపు ఇల్లంతా మేలుకునేది.

అందుకే తమంతట తామే మొదలయ్యే వీడియోలను ఆపే ప్లగిన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఒకటి పెట్టుకున్నాను. 2022 ఏప్రిల్ అది. మా ఊరిని ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలో కలిపిన నెల కాబట్టి గుర్తుంది. ప్లగిన్ అంటున్నాను గానీ బ్రౌజర్ మెనూలో దాని పేరు ఎక్స్‌టెన్షన్. అసలు ప్లగిన్లు ఒకప్పుడు పేజీల్లో వీడియోలు నడిపిన ఫ్లాష్ లాంటివి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కూ నూకలు చెల్లాయి. మా వీధిలో మాత్రం అన్నీ ప్లగిన్లే.

క్రోమ్ బ్రౌజర్ 2018 నుంచే ఇలాంటి వీడియోల శబ్దాన్ని కట్టడి చేస్తోంది కదా, వేరే ప్లగిన్ ఎందుకని మా తమ్ముడు అడిగాడు. ఆ కట్టడికి ఒక మినహాయింపు ఉంది. మనం ఒక సైట్‌లో తరచుగా వీడియోలు చూస్తుంటే, ఇక్కడ శబ్దం మనకు ఇష్టమే కాబోలని బ్రౌజర్ అనుకుని వదిలేస్తుంది. రోజూ ధరల వీడియో చూసి నేనే ఆ అనుమతి ఇచ్చుకున్నానన్నమాట.

మూడేళ్లు ప్లగిన్ జోలికి వెళ్లే పనే పడలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. పేజీ నిశ్శబ్దంగా తెరుచుకునేది, కావలసిన వీడియో నొక్కితే నడిచేది.

పోయిన జూన్‌లో మొదలైంది తంటా. మా అమ్మాయి బీకాం చదువుతోంది, సాయంత్రాలు ఇదే కంప్యూటర్‌లో పాఠాలు చూస్తుంది. వీడియో నొక్కితే చక్రం తిరుగుతుంది, బొమ్మ ఒక్కసారి కదిలినట్టు అయి ఆగిపోతుంది. ఉదయం నేను చూస్తే అదే పాఠం శుభ్రంగా నడుస్తుంది. ఉదయం బాగుండి సాయంత్రం మొరాయిస్తే ఎవరైనా ఎవరిని అంటారు? కేబుల్ ఇంటర్నెట్ అబ్బాయిని పిలిపించాను. అతను వేగం కొలిచి, "అక్కా, సాయంత్రం కొంచెం తగ్గుతుంది గానీ వీడియో ఆగేంత కాదు" అన్నాడు. నేను వినలేదు. వైరు మార్పించాను, రూటర్ కూడా మార్పించాను. అదే ఆగడం.

తర్వాత నా వైద్యం మొదలుపెట్టాను. సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి బ్రౌజర్‌లో దాచే కుకీలన్నీ తుడిచేశాను, దానివల్ల జరిగిందల్లా అన్ని సైట్లలోనూ మళ్లీ పాస్‌వర్డ్‌లు కొట్టుకోవడమే. బొమ్మల పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేసి బ్రౌజర్ మళ్లీ తెరిచాను. వీడియోలో బొమ్మ రాకుండా నలుపు కనిపించినప్పుడు అది పనికొస్తుంది, మా జబ్బు అది కాదు.

నిజానికి ఆధారం మొదటి రోజు నుంచీ కళ్లముందే ఉంది. వీడియో కింద బూడిద రంగు గీత ముందుకు సాగుతూనే ఉంది. ఆ గీత సాగుతోందంటే సమాచారం వచ్చి చేరుతోందని అర్థం. నెట్ నెమ్మదించి వీడియో ఆగితే ఆ గీత కూడా ఆగాలి. గీత నడుస్తూ బొమ్మ మాత్రం నిలబడితే, మధ్యలో ఎవరో బొమ్మను పట్టి ఆపుతున్నట్టే. కాలవలో నీళ్లు పారుతూనే ఉన్నాయి, పొలం గట్టున ఎవరో మడవ మూసేశారు. నేను కాలవనే తవ్వుతూ కూర్చున్నాను.

అజ్ఞాత (ఇన్‌కాగ్నిటో) విండోలో తెరిచి చూస్తే పాఠం నడిచింది. అక్కడ మనం విడిగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అంతటితో తప్పు వాటిదేనని తేల్చేయకూడదు. ఆ విండోలో పాత కుకీలు కూడా ఉండవు. కుకీలు ముందే తుడిచాను గనుక ఆ అనుమానం పోయింది. మామూలు విండోకు వచ్చి, నాకున్న అయిదు ఎక్స్‌టెన్షన్లనూ ఒక్కొక్కటే ఆపి, ప్రతిసారీ పేజీని మళ్లీ తెరిచాను. నాలుగోది ఈ ప్లగిన్. అది ఆపగానే పాఠం నడిచింది.

అప్పుడు మా అమ్మాయి తాపీగా అంది: "రెండోసారి నొక్కితే వస్తుంది కదమ్మా, నేను వారం నుంచీ అలాగే చూస్తున్నాను." రూటర్ డబ్బులు కట్టకముందు చెప్పి ఉంటే బాగుండేది.

కానీ తాళంచెవి ఆ మాటలోనే దొరికింది. ప్లగిన్ సెట్టింగుల్లో కొత్త వరుస ఒకటి కనిపించింది: మనం నొక్కిన రెండు సెకన్లలోపు మొదలైతేనే మనం కోరిన వీడియో, ఆ తర్వాత మొదలైతే తనంతట తాను మొదలైనది. ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవే కొత్త రూపానికి మారిపోతాయి. కొత్త అనుమతులు అవసరమైతేనే బ్రౌజర్ మనల్ని అడుగుతుంది. ఇల్లు కదలకుండా జిల్లా మారిన మాకు ఇది కొత్తేమీ కాదనుకోండి. ఉదయం వీడియో ఒక సెకనులో అందుకునేది. సాయంత్రం మూడు నాలుగు పట్టేది, ఆలోపు గడువు దాటిపోయేది. రెండోసారి నొక్కేసరికి వీడియో అప్పటికే దిగి ఉండేది కాబట్టి వెంటనే నడిచేది. కేబుల్ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం.

గడువును పది సెకన్లకు పెంచాను. పాఠాలు బాగుపడ్డాయి గానీ, వార్తల పేజీలో శీర్షిక నొక్కితే ఆ పది సెకన్లలో అరిచే వీడియో దూరిపోయింది. మామగారు మళ్లీ లేచారు. చివరికి గడువును రెండుకే తెచ్చి, ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో దాని సైట్ యాక్సెస్‌ను అన్ని సైట్ల నుంచి తీసి, నేను చూసే మూడు వార్తా సైట్లకే పరిమితం చేశాను. ఇది మొదటి రోజే చేయాల్సిన పని. అన్ని సైట్లూ అంటే మనం తెరిచే ప్రతి పేజీనీ చదివే, మార్చే అధికారం. రైతుల బ్యాంకు వివరాలూ జీఎస్టీ లెక్కలూ తెరిచే బ్రౌజర్‌లో, అరుపులు ఆపే పనివాడికి అంత అధికారం ఇచ్చి మూడేళ్లు నిద్రపోయాను.

అయిదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆపినందుకు కాదు, ఆపి మాట్లాడకుండా కూర్చున్నందుకు రెండు కోశాను. వీడియో మీద "నేను ఆపాను" అని చిన్న ముక్క రాస్తే సరిపోయేది. ఎన్ని ఆపిందో అంకె చూపిస్తుంది, నిజమే. ఆ అంకె ఉన్న బొమ్మ పజిల్ ముక్క గుర్తు వెనక దాక్కుని ఉంటుంది. పిన్ గుర్తు నొక్కి దాన్ని బయటకు తెచ్చి పెట్టుకోండి.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి విషయం చెప్పాను. నవ్వి, పాత రూటర్ ఇంకా తన దగ్గరే ఉందని, కావాలంటే తెచ్చి పెడతానని అన్నాడు.