ఔట్‌బోర్డ్ వేడెక్కుతుంటే ఇంపెల్లర్ ఒక్కటే మార్చాలా, పంప్ కిట్ మొత్తం వెయ్యాలా?

పడవ వెనక బిగించే మోటారు, అదే ఔట్‌బోర్డ్, వేడెక్కి హెచ్చరిక హారన్ మోగింది, ఇంజను స్పీడు దానంతట అదే పడిపోయింది, పక్కనుంచి వచ్చే నీళ్ల ధార సన్నబడింది. ఇక్కడిదాకా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: ఇంజనుకు నీళ్లు తోసే పంప్‌లోని రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, ఒక్కటి వేస్తే చాలా, దాని చుట్టూ ఉండే ప్లేటు, కప్పులాంటి భాగాలతో కలిపి వాటర్ పంప్ కిట్ మొత్తం కొనాలా? థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక తెరుచుకుని నీళ్లు వదిలే కవాటం) పీకేస్తే పోదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. దాని సంగతి తర్వాత చూద్దాం.

లోయర్ యూనిట్ (ప్రొపెల్లర్ ఉండే కింది భాగం, పంప్ దాని మీదే ఉంటుంది) దింపేముందు తప్పు పంప్‌దేనని తేల్చుకోండి. నీళ్లు లోపలికి పోయే జాలీకి పాలిథిన్ కవరో, నాచో అంటుకుని ఉందేమో చూడండి. ధార వచ్చే రంధ్రంలో సన్నని తీగ పెట్టి కదపండి, చాలాసార్లు మట్టి ఉండ బయటపడుతుంది. ఐడిల్‌లో (ఇంజను అతి నెమ్మదిగా తిరిగేటప్పుడు) బాగుండి వేగంలోనే వేడెక్కితే జాలీ మూసుకుపోయి ఉండాలి, లేదా మోటారు మరీ ఎత్తుగా బిగించడం వల్ల నీళ్లతోపాటు గాలినీ పీలుస్తూ ఉండాలి. ఐడిల్‌లో వేడెక్కుతూ ధార బలంగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుందని అనుమానించాలి. ఐడిల్‌లో వేడి, ధార కూడా నీరసం, జాలీ, రంధ్రం శుభ్రం అయితే పంప్ విప్పాల్సిందే. వేడెక్కిన హెడ్ (సిలిండర్ల మూత) మీద మాత్రం చల్లటి నీళ్లు గుమ్మరించకండి, వంగిపోతుంది, పగిలినా పగలొచ్చు.

ఇంపెల్లర్ ఒక్కటే వేస్తే ఖర్చు తక్కువ. కిట్ దానికి కొన్ని రెట్లు అవుతుంది. అందుకే చాలామంది ఇంపెల్లర్ వైపే మొగ్గుతారు. కానీ ఆ రబ్బరు చక్రం ఒంటరిగా నీళ్లు తోయదు. అది పంప్ లోపలి గిన్నెలాంటి కప్పు మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి కూర్చుంటుంది. ఇరుకు వైపు రెక్కలు వంగి, వెడల్పు వైపు విచ్చుకుంటాయి. విచ్చుకున్నచోట నీళ్లు పీలుస్తుంది, వంగేచోట తోస్తుంది. ఇది జరగాలంటే రెక్కల కొనలు కప్పు గోడకు, పై అంచులు కప్పు పైభాగం లోపలివైపుకు, కింది అంచులు అడుగున ఉండే స్టీలు ప్లేటుకు ఆనుకునే ఉండాలి. వీటిలో ఎక్కడ గీత పడినా తోసిన నీళ్లు ఆ సందులోంచి వెనక్కి జారతాయి. వేగంగా తిరిగేటప్పుడు రెక్కలు గోడను సరిగా తాకకపోయినా నీటిని విసిరే ఊపుతోనే పంప్ పనిచేస్తుంది కాబట్టి ఈ నష్టం బయటపడదు. ఐడిల్‌లోనే బయటపడుతుంది. పాత ప్లేటు మీద కొత్త ఇంపెల్లర్ వేసిన రోజు ధార చక్కగా ఉండి, రబ్బరు కాస్త అరగగానే ఐడిల్‌లో మళ్లీ నీరసపడటానికి కారణం ఇదే.

కాబట్టి తేల్చేది ఇంపెల్లర్ కాదు, ప్లేటూ కప్పూ. ప్లేటు తుడిచి వెలుతురుకు వాలుగా పట్టండి. రెక్కలు రాసుకున్నచోట మెరిసే వలయం కనిపిస్తుంది. మెరుపు ఒక్కటే అయితే ఇబ్బంది లేదు. షాఫ్ట్ (ఇంపెల్లర్‌ను తిప్పే కడ్డీ) దూరే రంధ్రం దగ్గర్నుంచి బయటి అంచు దాకా గోరు అడ్డంగా లాగండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే ఆ ప్లేటు పనికిరాదు. కప్పు లోపల కూడా అలాగే గోరుతో చూడండి. ఇసక నీళ్లలో తిరిగే మోటార్లలో కప్పు గోడ మీద గీతలు ఉంటాయి. ఇక కప్పు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ హౌసింగ్ కరిగినట్టు మెత్తబడి ఉన్నా, కప్పు అందులో వేలితో తిప్పితే తిరుగుతున్నా ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, కిట్టే వెయ్యాలి. నీళ్లు లేకుండా పంప్ ఒక్క నిమిషం తిరిగినా ఈ గతి పడుతుంది.

అందుకే నా మాట ఇది: హారన్ మోగాక విప్పుతున్నారంటే కిట్టే వెయ్యండి. ఉప్పు పట్టిన బోల్టులు ఊడదీసి, లోయర్ యూనిట్ దింపే శ్రమ రెండిటికీ ఒక్కటే. ఆ శ్రమ రెండోసారి పడటం కంటే కిట్ ఖర్చే నయం. ఏడాదికోసారి చేసే సర్వీసులో ముందుజాగ్రత్తగా విప్పి, మోటారు మంచినీళ్లలోనే తిరిగేదై, గోరు ఎక్కడా తట్టుకోకపోతే ఇంపెల్లర్ ఒక్కటి చాలు. అప్పుడైనా గ్యాస్కెట్లు, ఓ-రింగులు (సందులు మూసే సీళ్లు), షాఫ్ట్ కీ (ఇంపెల్లర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న ముక్క) కొత్తవే పెట్టాలి. పాత గ్యాస్కెట్ సందులోంచి గాలి పీల్చే పంప్‌కు కొత్త ఇంపెల్లర్ ఏమీ చెయ్యలేదు. కొనేటప్పుడు కిట్‌లో ఏమేం ఉన్నాయో అడగండి. కొన్నిటిలో హౌసింగ్ ఉండదు.

ఏది వేసినా పాత ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే ఆ ముక్క పంప్ నుంచి ఇంజనుకు పోయే నీళ్ల గొట్టంలోనో, పైన హెడ్ దారుల్లోనో ఇరుక్కుని ఉంటుంది. అది తియ్యకుండా కిట్ వేసినా వేడి తగ్గదు. థర్మోస్టాట్ మూత విప్పి, పైనుంచి కిందకు పైపుతో నీళ్లు పట్టి ముక్కలు కిందనుంచి వచ్చేదాకా కడగాలి.

బిగించేటప్పుడు రెక్కలకు సబ్బునీళ్లో గ్లిజరినో రాయండి, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. షాఫ్ట్‌ను పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ హౌసింగ్‌ను కిందకు నొక్కాలి, చాలా మోటార్లు తిరిగేది అటే. ఆ తర్వాత వెనక్కి తిప్పితే రెక్కలు అడ్డం తిరుగుతాయి. బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. షాఫ్ట్ పైకొన మీది పళ్ల (స్ప్లైన్ల) పక్కలకు గ్రీజు రాయండి కానీ షాఫ్ట్ తల మీద ముద్ద పెట్టకండి, యూనిట్ పూర్తిగా పైకి ఎక్కదు. నీళ్ల గొట్టం కింది కొన తన రబ్బరు సీలులో సరిగ్గా దిగిందో లేదో చూశాకే చివరి బోల్టులు బిగించాలి. అది పక్కకు పోతే నీళ్లన్నీ మోటారు కాలు (ఇంజనుకూ లోయర్ యూనిట్‌కూ మధ్య భాగం) లోపలే చిమ్ముతాయి.

థర్మోస్టాట్ పీకేయడం పరిష్కారం కాదు. ఇంజను ఐడిల్‌లో మరీ చల్లబడి ప్లగ్గులు నల్లబడతాయి, ఫోర్‌స్ట్రోక్ అయితే పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది. గిన్నెలో నీళ్లు కాచి, దారంతో వేలాడదీసి చూడండి. చాలా ఔట్‌బోర్డ్‌లలో సుమారు 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వెయ్యండి. ఇంజను నీళ్ల దారుల్లో వినెగర్ తిప్పి సున్నం, ఉప్పు కరిగించడం పంప్ బాగుందని తేలాక చేసే పని.

చివరగా పరీక్ష. పైపు మఫ్‌లతో (జాలీకి తొడిగి పైపు నీళ్లిచ్చే రబ్బరు కప్పులు) అయితే ఐడిల్ దాటించకండి. పడవ నీళ్లలో దించి, పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ పక్కన హెడ్ వేడి చూడండి. ధార ఒక్కటే చూసి నమ్మకండి, చాలా మోటార్లలో ఆ నీళ్లు థర్మోస్టాట్ దాకా పోకముందే పక్కకు మళ్లుతాయి. వీ ఆకారపు ఇంజను అయితే రెండు హెడ్‌లూ కొలవండి. ఒకటి మామూలుగా ఉండి రెండోది ఎక్కువ వేడిగా ఉంటే పంప్‌ను మళ్లీ విప్పక్కర్లేదు, ఆ వైపు థర్మోస్టాట్ మూత తియ్యండి.