ఏ ప్రకటన చీర అమ్మిందో చెప్పే ట్యాగ్: చాలాకాలం వాడాక

యూటీఎం ట్యాగ్‌లంటే, జనం ఏ ప్రకటన నుంచి వచ్చారో తెలియడానికి లింకు చివర ప్రశ్నార్థకం గుర్తు తర్వాత తోకలా తగిలించే పేర్లు. వాడేవాళ్లలో చాలామంది సోర్స్ (ఎక్కడి నుంచి), మీడియం (ఏ రకం దారిలో), క్యాంపెయిన్ (ఏ ప్రచారం) మూడూ నింపి ఊరుకుంటారు. ఆ ప్రచారంలో ఏ ప్రకటనో చెప్పే ‘కంటెంట్’ అన్న గడిని ఖాళీగా వదిలేస్తారు. నన్నడిగితే అసలు విలువ ఆ గడిదే.

చెన్నై టీ.నగర్‌లో మా బాబాయికి చీరల షాపు ఉంది. వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ రకాలు అమ్ముతాం. ఆన్‌లైన్ ప్రకటనలు నేను చూసుకుంటాను. ఒకే చీరకు ఒకేసారి నాలుగైదు ప్రకటనలు నడుస్తుంటాయి. మగ్గం మీద నేస్తున్న వీడియో ఒకటి, మోడల్ ఫోటో ఒకటి, ధర వేసిన ఫోటో ఒకటి, మళ్లీ వాటిలో తెలుగు రాతతో కొన్ని, తమిళ రాతతో కొన్ని. వీటిలో ఏది పనిచేస్తోందో అంటే, ఈ ట్యాగ్ వాడకముందు మా దగ్గరున్న జవాబు క్లిక్కుల లెక్క ఒక్కటే.

ధర వేసిన ఫోటో అంటే బాబాయికి మొదటి నుంచీ పడదు. “రేటు ముందే చెప్పేస్తే లోపలికి ఎవరొస్తారు రా?” అనేవారు. క్లిక్కులు కూడా ఆయన పక్షమే. మగ్గం వీడియోకి క్లిక్కులు ఎక్కువ, ఒక్కో క్లిక్కుకు అయ్యే ఖర్చు తక్కువ. అయితే ఒక్కో ప్రకటన లింకులో కంటెంట్ దగ్గర ఒక్కో పేరు పెట్టి, వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్ల లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌లో ఆ పేర్ల ఎదురుగా కొనుగోళ్లు చూస్తే లెక్క తిరగబడింది. ధర చూసి వచ్చినవాళ్లు తక్కువమందే, కానీ వచ్చినవాళ్లు కొంటున్నారు. వీడియో చూసి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒక్క పేజీ చూసి వెళ్లిపోతున్నారు. ధర వేసిన ఫోటో ఆపేయమని బాబాయి మళ్లీ అడగలేదు. అప్పటి నుంచి ఈ ట్యాగ్ మీద నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని తమిళ నెల ఆడిలో వచ్చే తగ్గింపుల సీజన్ కదిలించింది. చెన్నైలో బట్టల షాపులకు ఆడి నెల ఎలాంటిదో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రకటనల ఖర్చు పెంచిన సమయంలోనే ధర వేసిన ఫోటో రిపోర్టులోంచి మాయమైపోయింది. తగ్గడం కాదు, దాని పేరు మీద ఒక్కరు కూడా వచ్చినట్టు లేదు. ప్రకటనల వైపు చూస్తే క్లిక్కులు మామూలుగానే పడుతున్నాయి, డబ్బూ ఖర్చవుతోంది. ఆర్డర్లు కూడా తగ్గలేదు. తగ్గకపోవడమే నన్ను ఆలోచనలో పడేసింది. ఆ జనం రాకపోతే ఆ చీరలు ఎవరు కొంటున్నట్టు? మరోపక్క ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాళ్లను చూపే డైరెక్ట్ వరుస, ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఏ ట్యాగూ లేకుండా వచ్చిన వరుస ఉబ్బిపోయి ఉన్నాయి.

మా వెబ్‌సైట్ చూసే సంస్థకు ఫోన్ చేస్తే, “మా వైపు అంతా బాగానే ఉంది, మీ యాడ్‌లోనే ఏదో తేడా ఉంది” అన్నారు. సీజన్ మధ్యలో ఆ మాట వింటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో! చివరికి ఫోన్‌లో ఆ ప్రకటన ప్రివ్యూ తెరిచి, లింకు నొక్కి, పేజీ వచ్చాక అడ్రసు మొత్తం కాపీ చేసి చూశాను. ప్రశ్నార్థకం గుర్తు నుంచి చివరిదాకా ఉండాల్సిన తోక లేదు. మగ్గం వీడియో లింకుతో అదే చేస్తే తోక భద్రంగా ఉంది.

జరిగింది ఇదీ. ఆ సంస్థ వాళ్లు కొన్ని చీరల పేజీల అడ్రసులు మార్చి, పాత అడ్రసుకు వచ్చినవాళ్లు కొత్తదానికి వెళ్లేలా రీడైరెక్ట్ పెట్టారు. పెట్టేటప్పుడు ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని కూడా వెంట తీసుకెళ్లమని చెప్పలేదు. మాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ధర ఫోటో పాత అడ్రసుకు వెళ్లేది కాబట్టి దాని పేరు దారిలోనే రాలిపోయింది. ఆ కాపీ చేసిన అడ్రసులు రెండూ పంపాక గంటలో సరిచేశారు. కానీ పేరు లేకుండా వచ్చిన విజిట్లకు అనలిటిక్స్ తర్వాత పేరు అతికించదు. ఆడి నెలలో మంచి రోజుల లెక్క పోయినట్టే. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఈ వెతుకులాటలోనే ఇంకోటి తెలిసింది. ధర వేసిన ఫోటోకు వచ్చిన కొనుగోళ్లన్నీ ఆ ఫోటో సాధించినవి కావు. ధర కనబడితే జనం లింకును ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పంచుకుంటారు. తోకతో సహా వెళ్తుంది. పెరంబూరులో అక్క పంపితే నెల్లూరులో చెల్లెలు కొంటుంది, ఆ కొనుగోలు కూడా ప్రకటన ఖాతాలోనే పడుతుంది. అలాగే మగ్గం వీడియో స్క్రీన్‌షాట్ పట్టుకుని నేరుగా షాపు కౌంటర్‌కు వచ్చేవాళ్లున్నారు. వాళ్లు ఏ ట్యాగులోనూ ఉండరు. కాబట్టి వీడియో దండగ అని ఇప్పుడు నేననను.

వాడేవాళ్లకు కొన్ని సంగతులు. పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే రాయండి. ఒక చోట పెద్ద అక్షరం పడితే అది వేరే పేరుగా లెక్కలోకి వెళ్తుంది. మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్) ప్రకటనల్లో యాడ్ పేరు దానంతటదే ట్యాగులోకి వచ్చే ఏర్పాటు ఉంది, కానీ మొదట పబ్లిష్ చేసినప్పుడున్న పేరే నిలిచిపోతుంది, తర్వాత మార్చినా ట్యాగులో మారదు. అది నచ్చకపోతే యాడ్ నంబరు వాడుకోవచ్చు. జీఏ4లో, అంటే ఇప్పటి గూగుల్ అనలిటిక్స్‌లో, మనమే తయారుచేసుకునే ఎక్స్‌ప్లోర్ రిపోర్టులకు వివరాలు మామూలుగా 2 నెలలే నిలవ ఉంటాయి, సెట్టింగ్ మారిస్తే 14 నెలలు. నిరుటి ఆడితో ఈ ఆడిని పోల్చాలనుకునే నాలాంటివాళ్లకు ఇది చాలా ముఖ్యం. మొదటి రోజే మార్చేయండి.

గూగుల్ 2005లో అర్చిన్ అనే సంస్థను కొన్నప్పటి నుంచీ ఈ ట్యాగులు వెంట వస్తున్నాయి. 2023 జులైలో పాత అనలిటిక్స్ పోయినా ఇవి పోలేదు. నాకు ఆ స్థిరత్వం ఇష్టం.

మాలాగా పదీ పదిహేను ప్రకటనలు నడుపుతూ, సొంత వెబ్‌సైట్‌లో అమ్మేవాళ్లయితే తప్పకుండా వాడమంటాను. వారానికోసారి ప్రతి లింకునూ ఫోన్‌లో నొక్కి అడ్రసు చివర చూసే ఓపిక ఉండాలి. ప్రకటన నొక్కగానే వాట్సాప్ చాట్ తెరుచుకునేలా అమ్మేవాళ్లకు మాత్రం ఇది అక్కరకు రాదు. ఏ ఫోటో చూసి వచ్చారో కొనేవాళ్లనే అడిగి రాసుకోవాలి. మా కౌంటర్లో ఇప్పుడు అదే చేస్తున్నాం.