మందుకు ఏ వయసు? 18, 21, లేక మెట్లు మెట్లుగానా?

ఓటేయొచ్చు, సైన్యంలో చేరి తుపాకీ పట్టొచ్చు, గ్లాసు బీరు మాత్రం తాగకూడదా? 18 వైపు వాళ్లు మొదలుపెట్టేది ఇక్కడే. అమెరికా ఒకసారి ఈ మాట విన్నది కూడా. 1971లో ఓటు వయసు 18కి దిగడంతో చాలా రాష్ట్రాలు మందు వయసునూ దించేశాయి. తర్వాత కుర్రాళ్ల కారు ప్రమాదాలు పెరిగాయి. సొంత రాష్ట్రంలో దొరక్కపోతే సరిహద్దు దాటి తాగి, అదే మత్తులో కారు నడుపుకుంటూ వచ్చేవాళ్లు. దాంతో 1984లో, 21 పెట్టని రాష్ట్రాలకు రహదారి నిధుల్లో కోత తప్పదని చట్టం చేశారు. 1988కల్లా అన్నీ దారికొచ్చాయి. రోడ్ల మీద యువత చావులు తగ్గాయన్నదే 21కి ఉన్న పెద్ద బలం.

ఇంకో బలం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చట్టంలో రాసిన వయసు అంతకంటే చిన్నవాళ్లకూ కాపలా. 18 అని పెడితే, 16 ఏళ్లవాడికి సీసా కొనిచ్చే నేస్తం పక్క క్లాసులోనే దొరుకుతాడు. 21 అయితే కాస్త దూరం వెతుక్కోవాలి.

ఓటు పోలిక నాకెప్పుడూ అతకలేదు. జపాన్ 2022లో మేజర్ అయ్యే వయసును 20 నుంచి 18కి దించినా, మందుకు 20నే ఉంచింది. వేర్వేరు బాధ్యతలకు వేర్వేరు వయసులుంటే తప్పేముంది?

అయినా 21కి ఓటెయ్యలేను. 19 ఏళ్లవాళ్లు చట్టం చూసి మానేయరు, తలుపేసుకుని తాగుతారు. ఒకడు స్పృహ తప్పితే, అందరం ఇరుక్కుంటామని అంబులెన్సుకు ఫోన్ చేయడానికి జంకుతారు. ఫోన్ చేసినవాళ్లపై కేసు పెట్టబోమని అమెరికాలో చాలా రాష్ట్రాలు మళ్లీ విడిగా చట్టాలు చేయాల్సి వచ్చింది. 21పై మళ్లీ చర్చ జరగాలని 2008లో వందమందికి పైగా కాలేజీ అధ్యక్షులు సంతకాలు చేశారు.

ఇక మెట్ల పద్ధతి. జర్మనీలో బీరు, వైను 16కి, ఘాటు మద్యం 18కి. ఇది నాకు నచ్చదు. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్లలో ఉన్న ఆల్కహాలూ, 40 శాతం మద్యం 40 మిల్లీలీటర్లలో ఉన్నదీ దాదాపు ఒకటే. బీరు కదా అని నాలుగు తాగితే లెక్క ఎక్కడికి పోతుంది?

స్వీడన్ మెట్టు వేరు. అక్కడ చూసేది ఏం తాగుతున్నావని కాదు, ఎక్కడ తాగుతున్నావని. బారులో కూర్చుని తాగడానికి 18 చాలు. ప్రభుత్వ దుకాణంలో సీసా కొని ఇంటికి పట్టుకెళ్లాలంటే 20 నిండాలి. నా ఓటు దీనికే. బారులో పోసేవాడు మనిషి వాలకం చూసి ఇక చాలు అనగలడు, గదిలో సీసాకు ఆ నోరు లేదు.

మరి బారు నుంచి ఇంటికెలా వెళ్తాడు? ఇక్కడ మాత్రం జర్మనీనే అరువు తెచ్చుకోవాలి. 2007 నుంచి అక్కడ 21 నిండని డ్రైవర్లు చుక్క కూడా తాగి బండి నడపకూడదు. 20 దాటిన అన్న తమ్ముడికి సీసా తెచ్చివ్వడా అంటారా? తెస్తాడు. 21 పెట్టినా తెస్తాడు.