దొనకొండ విమానాశ్రయ భూమి: ఇళ్లకా, విమానాలకా?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వారు ప్రకాశం జిల్లా దొనకొండలో వేసిన విమానాశ్రయ భూమిని ఇళ్లకు ఇవ్వాలా, విమానాలకే ఉంచాలా అన్నది తేలికగా తేల్చే విషయం కాదు.

ఖర్చు: ఇళ్లకైతే రోడ్లు, మురుగు కాలువలు, కరెంటు, విమానాలకైతే కొత్త రన్‌వే, ప్రహరీ, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు.

శ్రమ: ఇళ్లకు అసలు కష్టం నీళ్లు. పశ్చిమ ప్రకాశం బోరునీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. ట్యాంకరు రాకముందే వీధిలో బిందెలు వరుస కట్టే ప్రాంతంలో కొత్తగా వందల కుటుంబాలను చేర్చేముందు, తాగునీరు ఎక్కడినుంచి తెస్తారో కాగితం మీద చూపించి తీరాలి.

నష్టభయం: విమానాలు రాకపోతే స్థలం ఖాళీగా ఉంటుంది, అంతే, ప్లాట్లుగా కోస్తే మాత్రం అంత నిడివిగల ఒకే నేలచెక్క మళ్లీ దొరకదు.

నీటి పథకం ముందే పూర్తయి, సొంతిల్లు లేనివారు నిజంగా ఎక్కువమంది ఉంటే ఇళ్లే మేలు. పైలట్ శిక్షణకో అత్యవసర సేవలకో నడిపేవారు ముందుకొస్తే రన్‌వేనే ఉంచాలి.