యాప్ టెస్టింగ్‌కి సెకండ్ హ్యాండ్ టాబ్లెట్: మూడు నెలలు వాడాక

మా ఊరి పాల కేంద్రానికి ఒక చిన్న యాప్ రాస్తున్నాను. రైతు పేరు, లీటర్లు, ఫ్యాట్ ఎక్కిస్తే డబ్బు లెక్క చెబుతుంది. కేంద్రంలో వాడేది టాబ్లెట్. నా దగ్గరా అలాంటిది ఉండాలని శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ 5,500 రూపాయలకు తీసుకున్నాను. 2021లో వచ్చిన మోడల్, 8.7 అంగుళాల స్క్రీను, 3 జీబీ ర్యామ్. ఇంత తక్కువ ర్యామా అన్నాడు తమ్ముడు. నాకు కావాల్సింది అదే. ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే టాబ్లెట్‌లా నడిచే ప్రోగ్రాం) మీద చటుక్కున తెరుచుకున్న రైతుల జాబితా దీంట్లో నాలుగు సెకన్లు పట్టింది. పొద్దున్నే ఐదింటికి క్యాన్లు పట్టుకుని లైన్లో నిలబడినవాళ్లకు అది చిన్న ఆలస్యం కాదు.

సెటప్ తేలికే. సెట్టింగ్స్‌లో అబౌట్ టాబ్లెట్, అందులో సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్, అక్కడ బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే యాప్‌లు రాసేవాళ్ల కోసం దాచి ఉంచిన డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. కంప్యూటర్ నుంచి యాప్ ఎక్కించి పరీక్షించడానికి యూఎస్‌బీ డీబగ్గింగ్, చార్జింగ్‌లో ఉన్నప్పుడు స్క్రీను ఆరిపోకుండా స్టే అవేక్ ఆన్ చేశాను. అయినా కంప్యూటర్‌కి టాబ్లెట్ కనబడలేదు. చార్జింగ్ మాత్రం ఎక్కుతోంది. గంటసేపు డ్రైవర్లు మార్చి మార్చి చూశాక తెలిసింది, ఇంట్లో దొరికిన ఆ కేబుల్‌లో డేటా వైర్లే లేవని. కేబుల్ మార్చగానే పర్మిషన్ అడిగింది, అలౌ నొక్కాను, అంతే. ఇప్పుడు ఎక్కువగా కేబుల్ లేకుండా వైఫై మీద నడిచే వైర్‌లెస్ డీబగ్గింగే వాడుతున్నాను. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ సౌకర్యం ఉంది.

దీనికి పెట్టిన డబ్బు ఒక్క పేరుతో తీరిపోయింది. కేంద్రంలో అక్షరాలు పెద్దవి చేసుకుని వాడతారు కాబట్టి నేనూ ఫాంట్ సైజు పెంచి చూశాను. జాబితాలో ‘వెంకటలక్ష్మి’ కాస్తా ‘వెంకటలక్షి’ అయి కనబడింది. కింద ఉండాల్సిన మ వత్తు తెగిపోయింది. వరస ఎత్తు 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీను మీది సైజులకు వాడే కొలత) అని నేను కట్టేసి పెట్టడమే కారణం. కనీసం 48 అని మార్చాక వత్తు మొత్తం వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలతో టెస్ట్ చేస్తే ఇది జన్మలో దొరకదు. తెలుగు యాప్ రాసేవాళ్లు ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటలు తప్పకుండా పెట్టి చూడండి. మన పేరు తప్పుగా కనబడితే ఎంత బాధగా ఉంటుందో అందరికీ తెలుసు.

ఇంకోటి, టాబ్లెట్ అడ్డంగా తిప్పగానే ఎక్కించిన లీటర్లు మాయం. ఆండ్రాయిడ్ స్క్రీన్లు రాయడానికి వాడే కంపోజ్‌లో, విలువను గుర్తుంచుకోమని చెప్పే రిమెంబర్ అని రాసినచోట, తిప్పినా దాన్ని పోనివ్వని రిమెంబర్‌సేవబుల్ పెడితే సరిపోయింది.

యాప్‌లు రాసేవాళ్లకు ఇది ధైర్యంగా చెబుతాను, తీసుకోండి. కొనేటప్పుడు చార్జింగ్ పిన్ వదులుగా ఉందేమో కేబుల్ పెట్టి కదిపి చూడండి. అమ్మేవాళ్ల గూగుల్ అకౌంట్ మీ ఎదురుగానే తీయించి, ఆ తర్వాతే రీసెట్ చేయించండి.