పెద్ద డైలో స్పేర్లా, చిప్‌లెట్లా: యీల్డ్‌కి ఏది మేలు?

వి.ఎల్.ఎస్.ఐ. (చిప్ డిజైన్) ఉద్యోగాలకు సిద్ధమవుతున్నవాళ్ళు పదే పదే అడుగుతున్నారు: పెద్ద చిప్‌కి యీల్డ్ (తయారైనవాటిలో పనిచేసేవాటి శాతం) పడిపోతుంది కదా, మరి అందరూ చిప్‌లెట్లకే, అంటే ఒక పెద్ద డై (సిలికాన్ ముక్క) బదులు ఒకే ప్యాకేజీలో కలిపే చిన్న డైలకే, ఎందుకు మారిపోరు?

చిప్‌లెట్ల వాదనలో బలం ఉంది. చదరపు సెంటీమీటరుకి సగటున 0.1 డిఫెక్ట్ ఉందనుకోండి. డిఫెక్టులు ఎక్కడపడితే అక్కడ పడతాయనుకునే పాయిసాన్ లెక్కన 8 చ.సెం.మీ. డైల్లో బతికేవి 45 శాతం, 2 చ.సెం.మీ. డైలైతే 82 శాతం. 2017లో ఏఎమ్‌డీ తన మొదటి ఎపిక్ సర్వర్ ప్రాసెసర్‌ని 213 చ.మి.మీ. డైలు నాలుగు కలిపి చేసింది. ఒకే డైగా చేస్తే 777 చ.మి.మీ. సరిపోయేదానికి 852 వాడాల్సొచ్చింది. అయినా ఖర్చు 59 శాతానికే దిగిందని ఆ కంపెనీ లెక్క చూపించింది. పైగా వేగం కలిసే డైలను ఏరి జత చేయొచ్చు.

కానీ ఆ 45 శాతం ఎక్కడ డిఫెక్ట్ పడినా చిప్ పోతుందనుకుంటేనే. నన్నడిగితే తేల్చేది డై సైజు కాదు, దెబ్బ తగిలితే కోలుకోలేని చోటు అందులో ఎంత అన్నదే. 8 చ.సెం.మీ.లో 6 ఒకే రకం కోర్లు, మెమరీలే అయి, వాటికి చాలినన్ని స్పేర్లు (పాడైనదాని బదులు వాడే అదనపువి) ఉంటే, లెక్కకి మిగిలేది 2. యీల్డ్ మళ్ళీ 82 దగ్గరికే వస్తుంది, డైల మధ్య లింకుల బెడద లేకుండా!

చిప్ లోపలి మెమరీ అయిన ఎస్‌రామ్‌లో ఇది రోజూ జరిగేదే. డైలుగా కోయకముందు సిలికాన్ పళ్ళెం మీదే చేసే వేఫర్ టెస్టులో, చిప్ తనను తాను పరీక్షించుకునే బిస్ట్ సర్క్యూట్ ప్రతి సెల్‌లోనూ 0, 1 రాసి తిరిగి చదువుతుంది. తప్పు చెప్పిన వరుస అడ్రసుని ఫ్యూజుల్లో కాల్చేస్తారు. ఇక ఆ వరుసకి వెళ్ళాల్సిందంతా స్పేర్ వరుసకి మళ్ళుతుంది, సాఫ్ట్‌వేర్‌కి ఆ ఊసే తెలీదు. కోర్ల విషయంలోనూ అంతే. ప్లేస్టేషన్ 3లో సెల్ ప్రాసెసర్‌కి 8 ఎస్‌పీఈలు (చిన్న కోర్లు) ఉంటే, యీల్డ్ కోసం ఒకటి ఆపేసి 7తోనే నడిపారు. ఎన్విడియా హెచ్100 డై 814 చ.మి.మీ. అందులో 144 ఎస్‌ఎమ్‌లు (జీపీయూ కోర్ల గుంపులు) ఉన్నా, ఎస్‌ఎక్స్‌ఎమ్ రకంలో ఆన్‌లో ఉండేవి 132. సెరెబ్రాస్ అయితే 46,225 చ.మి.మీ. చిప్‌నే అమ్ముతోంది. స్పేర్ కోర్లు లేకపోతే ఆ సాహసం ఎవరు చేస్తారు?

అందుకే జీపీయూ, ఏఐ చిప్‌లకి నా ఓటు ముందు స్పేర్లకే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఒక్కొక్కటే ఉండే బ్లాకులు ఎక్కువైతేనో, డిజైన్ 858 చ.మి.మీ. రెటికిల్ హద్దు (ఒక్కసారికి వేఫర్ మీద ముద్రించగల గరిష్ఠ సైజు) దాటితేనో, 2019 ఎపిక్‌లోలా ఐఓని (బయటితో మాట్లాడే భాగాన్ని) పాత 14 నానోమీటర్లలోనే ఉంచాలనుకుంటేనో అప్పుడు చిప్‌లెట్లు.

యీల్డ్ కోసం చేసే డబుల్ వయాలు (వైర్ల పొరలని కలిపే జంట కనెక్షన్లు), వైర్ల మధ్య ఎడం అంటారా, ఏ దారిలో వెళ్ళినా అవి తప్పవు. తయారీ ప్రాసెస్ కుదురుకుని డిఫెక్టులు తగ్గేదాకా ఆగుదామంటే మార్కెటింగ్ వాళ్ళు ఊరుకోరు.

చిప్‌లెట్లకే వెళ్ళేవాళ్ళు మాత్రం వేఫర్ టెస్టుకి సమయం, డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. ఒక్క చెడ్డ డై కన్నుగప్పి ప్యాకేజీలోకి చేరిందంటే, పక్కనున్న మంచి డైలు కూడా దాంతోపాటే చెత్తబుట్టలోకి.