మూడేళ్ల ఫ్యామిలీ లింక్ వాడకంలో చివరికి మిగిలినది

మా అబ్బాయి ఆరో తరగతిలో చేరిన ఏడాది పాఠాల వీడియోలు చూసేందుకు నా పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఇచ్చి, ఆ వారమే అందులో గూగుల్ ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు తమ ఫోన్ నుంచి అదుపు చేసే యాప్) పెట్టాను. వాట్సాప్‌కు 13 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉండటంతో బడి గ్రూపును నా ఫోన్‌లోనే ఉంచుకున్నాను. ఇప్పుడు వాడు తొమ్మిదో తరగతి.

రోజుకు ఇంత సమయమని, రాత్రి ఇన్ని గంటలకు ఫోన్ మూతపడాలని మన ఫోన్ నుంచే నిర్ణయించవచ్చు. కొత్త యాప్ కావాలంటే అనుమతి కోరుతూ మనకు కబురొస్తుంది. సమయం అయిపోయినా కాల్ చేసుకునే వీలుండటం నాకు బాగా నచ్చింది. పిల్లల చేతిలో ఐఫోన్ ఉంటే మాత్రం దాన్ని దీనితో అదుపు చేయలేము.

మొదటి ఏడాది రోజుకు గంట అని పెట్టడం నా పొరపాటు. అంతకుముందు ఒక్కోరోజు ఫోన్ ముట్టని పిల్లవాడు, గంట తన హక్కు అయిన తరువాత, "నాన్నా, ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి" అని లెక్కపెట్టి మరీ వాడుకునేవాడు. అదనపు సమయం కోసం రోజూ బేరాలే. నేను నిమిషాలు అమ్మే దుకాణదారునైపోయాను.

రాత్రి తొమ్మిదికి ఫోన్ మూసే అమరిక మాత్రం నిలబడింది. అయితే "మరి మీ ఫోన్ మీ గదిలో ఎందుకుంది?" అని వాడు అడిగిన రోజు నుంచి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లోనే చార్జింగ్‌కు పెడుతున్నాం, నాకు ఇది ఎంత కష్టమైనా సరే. లొకేషన్ చూడటం కొన్ని నెలలకే మానేసి, ఆ సంగతి వాడికీ చెప్పాను.

ఏ అమరికా ఆపలేనిది నాయనమ్మ ఫోన్. దసరా సెలవుల తరువాత ఆవిడ యూట్యూబ్‌లో ప్రవచనాలు రావలసిన చోట వరుసగా బీజీఎంఐ అనే మొబైల్ గేమ్ వీడియోలు రావడంతో అసలు విషయం బయటపడింది. తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఆవిడే నవ్వేసింది.

పదిహేనేళ్ల మా అమ్మాయికున్న ఇన్‌స్టాగ్రామ్ టీన్ ఖాతాలో (టీనేజర్లకు కట్టుబాట్లతో ఇచ్చే ఖాతా) రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు రావు. అయితే పుట్టిన సంవత్సరం తప్పు చెబితే ఈ కట్టుబాట్లు వర్తించకపోవచ్చు.

పన్నెండేళ్లలోపు పిల్లలకైతే ఫ్యామిలీ లింక్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. మా ఇంట్లో రోజువారీ పరిమితిని గత జూన్‌లో తీసేశాను. రాత్రి గడువును పరీక్షల పేరుతో పదికి జరపమని వాడు అడుగుతున్నాడు. ప్రస్తుతం తొమ్మిదిన్నర దగ్గర ఆగాం.